ఒక్క స్పిన్ అంతే అనుకున్నారా? స్లాట్ గేమ్ అసలు లెక్క ఇదీ.. ఇరుక్కుంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో సాయం ఎక్కడ దొరుకుతుందంటే..

గద్వాల/వనపర్తి/నాగర్‌కర్నూల్: ఫోన్ స్క్రీన్ మీద మూడు గడులు తిరుగుతున్నాయి. మొదటి గడిలో 7 ఆగింది. రెండో దాంట్లోనూ 7. మూడోది ఊరించి ఊరించి మెల్లగా తిరిగి.. 7కి ఒక్క మెట్టు కింద ఆగింది. "అబ్బా, కొద్దిలో పోయింది!" అనిపిస్తుంది. వేలు మళ్లీ అదే బటన్ మీదికి పోతుంది.

నిజానికి అక్కడ కొద్దిలో పోయిందేమీ లేదు. బటన్ నొక్కిన క్షణంలోనే ఫలితం తేలిపోయింది. తర్వాత మీరు చూసిన తిరుగుడంతా ఆ ఫలితానికి వేసిన బొమ్మ మాత్రమే.

స్లాట్ గేమ్‌ల గురించి మాట్లాడితే చాలు, మన కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "లిమిట్ పెట్టుకుని బాధ్యతగా ఆడితే తప్పేంటి అన్నా?" దానికి సూటిగా జవాబు చెప్పుకుందాం. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. "మా తమ్ముడు ఆపలేకపోతున్నాడు, ఎవరికి చెప్పాలి?" ఇది అడిగేవాళ్లు మొత్తం చదివేదాకా ఆగక్కర్లేదు. నంబర్ ఇదిగో: 14416. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఇది. 24 గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ కాల్‌లో ఏం జరుగుతుందో కింద వివరంగా చెప్తాం.

మన దగ్గర "లీగల్ స్లాట్" అనేదే లేదు

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. నడిగడ్డలో గానీ, వనపర్తిలో గానీ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు గానీ, అసలు తెలంగాణలో ఎక్కడా డబ్బు పెట్టి ఆడే స్లాట్ మెషీన్‌కు అనుమతి లేదు. పేకాట శిబిరాల మీద పోలీసులు దాడి చేస్తే పెట్టే కేసు 1974 నాటి గేమింగ్ చట్టం కింద నడుస్తుంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చింది. "ఇది స్కిల్ గేమ్" అంటూ రమ్మీ యాప్‌లు చెప్పుకునే సాకుకు కూడా తెలంగాణలో అప్పుడే తలుపులు మూసేశారు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం పెట్టారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రమోట్ చేసేవాళ్లకు 2 ఏళ్లు, 50 లక్షల వరకు. దాంతో పేరున్న కంపెనీలు డబ్బు ఆటలను ఆపేశాయి. కొన్ని కోర్టుకెక్కాయి.

అయినా ఫోన్‌లో స్లాట్‌లు ఎందుకు కనిపిస్తున్నాయి? ఎందుకంటే ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా విదేశాల్లో కూర్చుని నడిపేవి. ప్లేస్టోర్‌లో దొరకవు. టెలిగ్రామ్ గ్రూపులో లింక్ వస్తుంది, వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తుంది. "500 వేస్తే 1500 బోనస్" అంటారు. ఇక్కడే "బాధ్యతగా ఆడటం" అనే మాట దెబ్బతింటుంది.

చట్టబద్ధంగా స్లాట్‌లు నడిచే దేశాల్లో మెషీన్ మీద కూడా కొన్ని బాధ్యతలు పెట్టారు. ఉదాహరణకు బ్రిటన్‌లో ఆన్‌లైన్ స్లాట్ ఒక్కో స్పిన్‌కు కనీసం 2.5 సెకన్లు పట్టాలి. బటన్ ఒకసారి నొక్కి వదిలేస్తే దానంతట అదే ఆడేసే ఆటో ప్లేను 2021లో నిషేధించారు. 2025 నుంచి ఒక స్పిన్‌కు 5 పౌండ్లకు మించి పెట్టకూడదు. 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకైతే 2 పౌండ్లే. నార్వే అయితే 2007లో దేశంలోని స్లాట్ మెషీన్లన్నింటినీ ఒకేసారి తీసేసింది. తర్వాత కార్డు ఉంటేనే ఆడే, పోగొట్టుకోవడానికి పరిమితి ఉన్న మెషీన్లను మాత్రమే పెట్టింది. అంటే బాధ్యతలో సగం ఆడేవాడిది, సగం ఆడించేవాడిది. టెలిగ్రామ్ లింక్‌లో వచ్చిన స్లాట్‌లో ఆ రెండో సగం లేనే లేదు. వయసు అడిగేవాళ్లు లేరు, లెక్క తనిఖీ చేసేవాళ్లు లేరు, గెలిచిన డబ్బు ఇవ్వకపోతే నిలదీయడానికి ఆఫీసు కూడా ఉండదు.

ఇంతకీ మెషీన్ లోపల ఏముంది?

ఇది కాస్త ఓపికగా చదవండి. ఒకసారి అర్థమైతే స్క్రీన్ మీద 7.. 7.. చూసినా గుండె అదరదు.

పాత మెషీన్లలో నిజంగానే ఇనుప చక్రాలు తిరిగేవి. 19వ శతాబ్దం చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ చేసిన లిబర్టీ బెల్ మెషీన్‌లో మూడు చక్రాలే. ఒక్కో చక్రం మీద 20 బొమ్మలు ఉన్నాయనుకుందాం. అందులో జాక్‌పాట్ బొమ్మ ఒకటి. మూడు చక్రాల మీదా అది పడే అవకాశం 20 గుణించి 20 గుణించి 20, అంటే 8,000లో ఒకటి. తక్కువే. కానీ కంటికి కనిపించేదీ, లోపల ఉన్నదీ ఒకటే.

1984లో అమెరికాలో ఒక పేటెంట్ వచ్చింది. చక్రం ఎక్కడ ఆగాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, చక్రం దాన్ని చూపిస్తుంది అంతే. దీంతో కిటుకు మొత్తం మారిపోయింది. బయట 20 బొమ్మలే కనిపిస్తాయి, లోపల కంప్యూటర్ మాత్రం 64 నంబర్లలో ఒకటి తీస్తుంది. జాక్‌పాట్ బొమ్మకు అందులో ఒక్క నంబరే ఇచ్చి, ఖాళీ గడులకు బోలెడన్ని ఇస్తారు. ఇప్పుడు మూడూ కలిసే అవకాశం 64 గుణించి 64 గుణించి 64. అంటే 2,62,144లో ఒకటి. మీ కళ్లు 8,000 లెక్క చూస్తున్నాయి, మెషీన్ రెండున్నర లక్షల లెక్క ఆడుతోంది.

ఇంకో చిన్న మాయ. జాక్‌పాట్ బొమ్మకు పైనా కిందా ఉన్న ఖాళీ గడులకు ఎక్కువ నంబర్లు ఇస్తే ఏమవుతుంది? 7 పదేపదే ఒక్క మెట్టు పైనో కిందో ఆగుతుంది. మొదట్లో చెప్పుకున్న "కొద్దిలో పోయింది" అదే. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆడేవాళ్ల మెదడును స్కాన్ చేసి చూశారు. ఇలా కొద్దిలో తప్పినప్పుడు కూడా గెలిచినప్పుడు పనిచేసే భాగాలే ఉత్సాహపడుతున్నాయని తేలింది. ఓడిపోయాం, కానీ మెదడు గెలుపుకు దగ్గర్లో ఉన్నామని సంబరపడుతోంది.

ఫోన్ యాప్‌లలో ఇనుప చక్రం కూడా లేదు, అంతా బొమ్మే. 10 రూపాయలు పెట్టిన స్పిన్‌కు 4 రూపాయలు వస్తాయి, స్క్రీన్ మీద నాణేలు రాలతాయి, గంటలు మోగుతాయి. మీకు 6 రూపాయలు పోయాయి. కానీ ఆ మోతలో అది గెలిచినట్టే ఉంటుంది. నాకు తెలిసి ఈ ఆటల్లో అన్నిటికంటే తెలివైన మోసం ఇదే.

ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికి ఉండే పట్టు మామూలుది కాదు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలైనప్పుడే నొక్కుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది. స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రయోగాలతో ఇది తేల్చి దశాబ్దాలు గడిచాయి.

గంటకు ఎంత పోతుంది?

ఇప్పుడు పైసల లెక్క. యాప్ తనకు తానే "95 శాతం తిరిగి ఇస్తాం" అని రాసుకుంటుంది. వినడానికి బాగుంది కదా. వంద పెడితే 95 వస్తుందంటే పోయేది ఐదే కదా అనిపిస్తుంది. కానీ ఆ 95 శాతం మీరు జేబులోంచి తీసిన డబ్బు మీద కాదు, ప్రతి స్పిన్ మీద.

స్పిన్‌కు 10 రూపాయలు, 5 సెకన్లకొక స్పిన్ అనుకుందాం. గంటకు 720 స్పిన్‌లు. అంటే గంటలో మీరు పందెం కాసింది 7,200 రూపాయలు. అందులో 5 శాతం 360 రూపాయలు. సగటున గంటకు పోయేది అంత. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. ఎండలో ఒక రోజు మట్టి తవ్విన కూలీ కంటే ఎక్కువ, ఒక గంట కూర్చుని పోగొట్టుకోవడం. అదీ 10 రూపాయల స్పిన్‌తో, యాప్ నిజాయతీగా నడిస్తే. 50 రూపాయల స్పిన్‌కు వెళ్తే గంటకు 1,800.

ఇది సగటు లెక్క. ఒక రోజు మీకు 4,000 రావచ్చు. వస్తుంది కూడా. అందుకే చాలామంది ఇరుక్కుంటారు. లైసెన్స్ లేని యాప్‌లలో ఆ 95 శాతం కూడా గ్యారంటీ లేదు. అమెరికాలోని నెవడాలో ఏ మెషీనైనా కనీసం 75 శాతం తిరిగి ఇవ్వాలని రూల్ ఉంది, తనిఖీ చేసే బోర్డు ఉంది. మన టెలిగ్రామ్ లింక్‌కు ఏ బోర్డూ లేదు. మొదట్లో గెలిపించి, పెద్ద మొత్తం వేయగానే ముంచేస్తారని పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నది వీటి గురించే.

"పోయినచోటే వెతుక్కోవాలి"

మనవాళ్లు మామూలుగా వాడే మాట ఇది. వస్తువు పోతే మంచి సలహానే. స్లాట్ దగ్గర ఇదే మాట కొంపలు ముంచుతోంది. పోయిన 2,000 రాబట్టుకోవడానికి 5,000, ఆ ఐదు వేలకు ఇంకో పది. డాక్టర్లు జూద వ్యసనానికి చెప్పే లక్షణాల్లో ముఖ్యమైనది ఇదే: పోయిన డబ్బు కోసం మళ్లీ ఆడటం. మెషీన్‌కు గుర్తుండదు. నిన్న మీకు ఎంత పోయిందో, ఇవాళ "మీ వంతు" వచ్చిందో లేదో దానికి తెలియదు. ప్రతి స్పిన్ కొత్తదే.

నేను జర్నలిజం చదివేటప్పుడు రూంలో నలుగురం ఉండేవాళ్లం. ఒకడిది వనపర్తి వైపు పల్లె. ఒక రాత్రి యాప్‌లో వాడికి 4,000 వచ్చింది. అందరికీ బిర్యానీ తెప్పించాడు. మేం కూడా తిన్నాం, "లక్కు రా నీది" అన్నాం. తర్వాత మూడు నెలలు వాడు ఆడుతున్నాడనే మాకు తెలియదు. ఫోన్ పట్టుకుని మేడ మీదికి పోయేవాడు, లవ్ అనుకున్నాం. హాల్ టికెట్ ఇచ్చే రోజు ఫీజు కట్టలేదని తెలిసింది. వాళ్ల నాన్న పల్లీ అమ్మి పంపిన ఫీజు అది. వాడిని అడిగితే చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "ఫీజు పోలేదురా, ఇంకో రెండు రోజులైతే వచ్చేసేది." అప్పటికి వాడు మూడు యాప్‌లలో లోన్ కూడా తీసుకున్నాడు.

వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. చదువు ఒక ఏడాది లేటైంది. కానీ ఆ మూడు నెలల్లో పక్క మంచం మీద పడుకునే మాకే తెలియలేదు. మందు తాగితే వాసనొస్తుంది, తూలుతాడు. ఇది దేనికీ దొరకదు. తెలంగాణలో బెట్టింగ్ యాప్ అప్పులతో ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు మా డెస్క్‌కు వచ్చినప్పుడల్లా ఇంట్లో వాళ్లు చెప్పేది ఒకటే: "మాకు తెలిస్తే ఎట్లనో కట్టేవాళ్లం కదా."

ఈ యాప్‌లను ప్రమోట్ చేశారంటూ 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో సినీ నటులు, యూట్యూబర్ల మీద కేసులు నమోదయ్యాయి. అదే నెలలో ప్రభుత్వం సిట్ ఏర్పాటు ప్రకటించింది. కోర్టులు ఏం తేలుస్తాయో తర్వాత సంగతి. మన ఊళ్లలో మాత్రం ప్రమోటర్ అంటే హీరో కాదు. రిఫరల్ కోడ్ పంపే పక్కింటి దోస్తే. నీ పేరు మీద వాడికి కమీషన్ వస్తుంది.

మరి గోవా పోతే?

గోవాలో కాసినోలు చట్టబద్ధమే. పంట డబ్బు చేతికొచ్చాక దోస్తులతో కారు కట్టుకుని పోయేవాళ్లు మన దగ్గర ఉన్నారు, దాచడమెందుకు. మాండవి నదిలో తేలే ఆ ఓడల్లో స్లాట్‌లు కూడా ఉంటాయి. లోపలికి పోవాలంటే 21 ఏళ్లు నిండాలి. ఒక్క విషయం గమనించండి. 2020లో గోవా ప్రభుత్వం తన సొంత రాష్ట్రం వాళ్లకు కాసినో ప్రవేశం నిషేధించింది. బయటివాళ్లు రావచ్చు, మనవాళ్లు వద్దు అన్నమాట. ఆట మంచిదో కాదో ఇంతకంటే వివరంగా ఎవరు చెప్తారు?

అయినా పోతాం అంటే "బాధ్యతగా" అనేది లోపలికెళ్లాక కుదరదు, బయటే చేసుకోవాలి. పోయినా ఫర్వాలేదు అనుకున్న నగదు మాత్రమే జేబులో పెట్టుకోండి. ఏటీఎం కార్డు, యూపీఐ ఉన్న ఫోన్ లాడ్జిలోనో, ఆడని దోస్తు దగ్గరో ఉండాలి. ఆ డబ్బును సినిమా టికెట్ లాగా చూడండి. టికెట్ డబ్బులు తిరిగి రావాలని ఎవరూ అనుకోరు కదా. మిత్తికి తెచ్చిన డబ్బు, సీడ్ పత్తి పెట్టుబడికి ఉంచిన డబ్బు, పిల్లల ఫీజు.. వీటితో గుమ్మం తొక్కొద్దు. ఎన్ని గంటలకు బయటికి రావాలో ముందే చెప్పుకోండి. అక్కడ ఉచితంగా పోసే మందు ఊరికే పోయరు. ఆరోజు గెలిస్తే అదే రాత్రి మళ్లీ లోపలికి పోవద్దు.

ఇంతకుముందు ఒకసారి ఇరుక్కుని బయటపడ్డవాళ్లకు మాత్రం ఈ సూత్రాలేవీ వర్తించవు. వాళ్లకు లిమిట్ అంటే సున్నా.

ఇది అలవాటా, జబ్బా?

జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూద వ్యసనానికి ప్రత్యేకంగా చోటుంది. మానసిక వైద్యులు వాడే అమెరికన్ మాన్యువల్ కూడా 2013లో దీన్ని మద్యం, మత్తు పదార్థాల పక్కనే పెట్టింది. సిగ్గు లేకపోవడం కాదు, బుద్ధి లేకపోవడం కాదు.

మిమ్మల్ని మీరు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత ఆడుతున్నానో ఇంట్లో అబద్ధం చెప్తున్నానా? పోయింది రాబట్టడానికి మళ్లీ ఆడుతున్నానా? మొదట్లో పది రూపాయలకు వచ్చిన కిక్కు ఇప్పుడు వందకు గానీ రావట్లేదా? ఆపేద్దామని అనుకుని ఆపలేకపోయానా? ఒక్కదానికి అవును అన్నా ఎవరితోనైనా మాట్లాడే సమయం వచ్చినట్టే.

ఒక సైడ్ విషయం. ఇంట్లో పెద్దవాళ్లు పార్కిన్‌సన్స్ జబ్బుకు మందులు వాడుతూ, జీవితంలో ఎన్నడూ లేనిది హఠాత్తుగా పేకాటకో, లాటరీకో ఎగబడితే డాక్టర్‌కు చెప్పండి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల దుష్ప్రభావం అయ్యుండొచ్చు. మీ అంతట మీరు మందు ఆపొద్దు. డాక్టర్ మార్చి ఇస్తారు.

14416కు చేస్తే ఏమవుతుంది?

టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది. 14416 కలవకపోతే 1800 891 4416 కూడా అదే. ముందు భాష ఎంచుకోమంటారు. తెలుగు నొక్కితే శిక్షణ ఉన్న కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. వాళ్లు తిట్టరు, పోలీసులు కాదు. ఎన్నాళ్ల నుంచి ఆడుతున్నారు, నిద్ర పడుతోందా, అప్పు ఎంత, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పండి. అవసరమైతే సైకియాట్రిస్ట్‌కు కలుపుతారు, దగ్గర్లోని ఆసుపత్రికి పంపుతారు. ఇంట్లో వాళ్లు కూడా చేయొచ్చు. ఆడేవాడే చేయాలని లేదు.

మనిషి ఎదురుగా మాట్లాడాలి అనుకుంటే ఇదివరకటిలా ప్రతిదానికీ హైదరాబాద్ బస్సెక్కక్కర్లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి బోధనాసుపత్రిలో ఓపీ చీటీ దగ్గర "మానసిక వైద్యం ఓపీ ఏ రోజు?" అని అడగండి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రి ఇంకా పెద్దది. కేసు క్లిష్టంగా ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల ఉంది. "ఎర్రగడ్డ" అనగానే నవ్వుకునే రోజులు పోవాలి. అక్కడ ఓపీ చూపించుకుని అదే రోజు ఇంటికి వచ్చేవాళ్లు ఎందరో. గద్వాల వాళ్లకు బెంగళూరులోని నిమ్హాన్స్ మరో దారి. ఫోన్, ఆన్‌లైన్ ఆటల వ్యసనానికి అక్కడ 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

చికిత్స అంటే షాకులు, బంధించడం కాదు. ప్రధానంగా మాటలే. ఏ టైంలో ఆడాలనిపిస్తుంది, అప్పుడు మనసులో ఏ ఆలోచన నడుస్తుంది, దాన్ని ఎట్లా దాటాలి అని వారం వారం కూర్చోబెట్టి నేర్పిస్తారు. డిప్రెషన్, నిద్రలేమి ఉంటే మందులిస్తారు. మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది.

ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే మాత్రం ఇవేవీ చూడొద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

అప్పుల వాళ్లు ఫోన్ చేస్తుంటే?

చాలామందిని కుంగదీసేది ఆట కంటే ఇదే. లోన్ యాప్ వాళ్లు కాంటాక్ట్‌లోని అందరికీ ఫోన్ చేస్తామంటారు, ఫొటో మార్చి పంపుతామంటారు. భయపడి ఇంకో యాప్‌లో అప్పు తేవద్దు. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. లోన్ యాప్ మీ కాంటాక్టులు తీసుకోవడమే తప్పు. బెదిరింపు మెసేజ్‌లు, కాల్ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. యాప్‌లో డబ్బు వేశాక "విత్‌డ్రా కావాలంటే ముందు ట్యాక్స్ కట్టు" అంటే అది పచ్చి మోసం. నిజమైన ట్యాక్స్ గెలిచిన డబ్బులోంచి కోసుకుంటారు, ఎదురు కట్టమనరు. అప్పుడు కూడా 1930యే. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

"కంప్లైంట్ ఇస్తే నువ్వు కూడా ఆడావు కదా అని నా మీద కేసు పెడతారేమో" అన్న భయం ఉంటుంది. 2025 కేంద్ర చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష పెట్టలేదు, వాళ్లను బాధితులుగానే చూస్తోంది. రాష్ట్ర చట్టం వేరు కాబట్టి గుబులుగా ఉంటే ముందు 15100కి ఫోన్ చేయండి. న్యాయ సేవాధికార సంస్థ నంబర్ అది. ఉచితంగా సలహా ఇస్తారు.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. "అప్పు తీరాలంటే నీ బ్యాంకు ఖాతా, సిమ్ మాకు అద్దెకివ్వు, నెలకు ఇంత ఇస్తాం" అనేవాళ్లు వస్తారు. ఎవరో కొట్టేసిన డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది. అప్పుడు మీరు బాధితులు కాదు, నిందితులు.

ఇంట్లో వాళ్లు ఏం చేయాలి?

తెలిసిన రోజే అరవడం, నలుగురిలో పరువు తీయడం వద్దు. ఆ రాత్రే అన్నిటికంటే ప్రమాదం. అన్నం పెట్టి, పక్కన కూర్చుని, మొత్తం ఎంత, ఎవరెవరికి అనేది కాగితం మీద రాయించండి. మొదటిసారి చెప్పిన అంకె సగమే ఉంటుంది. రెండో రోజు మళ్లీ అడగండి.

అప్పు మొత్తం ఒక్కసారిగా కట్టేసి చేతులు దులుపుకోవద్దు. పొలం కుదువపెట్టి కట్టేశాక ఆరు నెలలకు మళ్లీ మొదలైన కేసులు ఉంటాయి. అప్పు తీరింది, జబ్బు తీరలేదు కాబట్టి. కట్టేది ఉంటే నేరుగా అప్పు ఇచ్చినవాళ్లకే కట్టండి, చేతికి ఇవ్వొద్దు. చికిత్సకు వెళ్తున్నాడా లేదా చూసుకుంటూ కట్టండి.

కొన్నాళ్లు డబ్బు దారులు మూసేయాలి. జీతం గానీ, కూలీ గానీ ఇంకొకరి ఖాతాలోకి వచ్చేలా పెట్టుకోవచ్చు. యూపీఐ రోజు లిమిట్ తగ్గించొచ్చు, లేదా కొన్ని నెలలు తీసేసి బటన్ ఫోన్ వాడొచ్చు. హైదరాబాద్, పుణె పనికి పోయినవాళ్లయితే మేస్త్రీకి చెప్పి కూలీ ఇంటికి పంపించే ఏర్పాటు చేసుకోండి. యాప్ తీసేస్తే సరిపోదు, టెలిగ్రామ్ గ్రూపుల నుంచి కూడా బయటికి రావాలి. జూదం సైట్లను ఫోన్‌లో తెరవనీయకుండా చేసే బెట్‌బ్లాకర్ అనే ఉచిత యాప్ ఉంది. గూగుల్ ఖాతాలోని మై యాడ్ సెంటర్‌లో జూదం ప్రకటనలు తక్కువ చూపించమని కూడా పెట్టుకోవచ్చు. ఇవేవీ తాళం కాదు, గడియ లాంటివి. చేయి పోయి ఆగే ఆ రెండు నిమిషాల కోసమే.

మళ్లీ ఒకసారి ఆడితే? ఆడొచ్చు. వ్యసనంలో అది మామూలు. "అయిపోయింది, వీడు మారడు" అనొద్దు. మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి, అదే నంబర్‌కు.

ఫోన్ ఎత్తగానే ఏం మాట్లాడాలో తోచకపోతే ఇంత చెప్పండి చాలు: "ఆన్‌లైన్‌లో పైసలు పోతున్నయి, ఆపుదామంటే నావల్ల అయితలేదు." మిగతాది వాళ్లు అడుగుతారు. నంబర్ 14416. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.